ప్లాట్ల బోర్డు నక్షత్రం

ఓడ రేవులోకి రావడం లేదని, సాయంత్రమే లంగరెత్తి చెన్నై వైపు వెళ్ళిపోతోందని నతానియేల్ ఫోన్ చేసేసరికి మేమందరం విశాఖ పక్కన యారాడలో మా అక్క ఇంటి మేడ మీదే ఉన్నాం. క్రిస్మస్ ముందు రోజు. మా అక్క ఫ్లోరా మర్నాటి బిర్యానీకి బియ్యం ఏరుతోంది. నేను వెల్లుల్లి ఒలుస్తున్నాను. మా బావ డేవిడ్ రాజు గుమ్మానికి కట్టే కాగితపు నక్షత్రానికి తోక అతికిస్తున్నాడు. మా మేనకోడలు కేథరిన్ నెలల గుడ్డును ఒళ్ళో వేసుకుని, సముద్రంలో దూరంగా నిలబడి ఉన్న ఓడల్లో మొగుడిది ఏదో వేలితో చూపిస్తోంది. పిల్ల నిద్రపోతోంది.

నతానియేల్ సరుకు ఓడలో డెక్ మీద పని చేస్తాడు. అతను ఎక్కినప్పుడు కేథరిన్ కడుపుతో ఉందన్న సంగతి మాకు అప్పుడప్పుడే తెలిసింది. తిరిగి తిరిగి ఓడ విశాఖ వచ్చి బయట లంగరు వేసుకుంది. రేవులో చోటు దొరకగానే ఒక్క పూట ఒడ్డుకు దిగి కూతుర్ని ఎత్తుకుంటానని అతను, ఎత్తుకుంటాడని ఈమె, రోజూ ఫోన్‌లో చెప్పుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు పైనుంచి వేరే ఆర్డరు వచ్చింది.

కేథరిన్ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. "సాయంత్రం ఎల్లిపోతన్నాం," అన్నాడు నతానియేల్.

"రోజూ ఫోన్‌లో సూత్తన్నావు కదేటి అల్లుడూ," అన్నాడు బావ, ధైర్యం చెబుతున్నాననుకుని.

"ఫోన్‌లో సూసింది సూపేటి మావా? ఇక్కడినుంచి కొండ కనబడతంది. లైట్‌హౌస్ కనబడతంది. మనిల్లు ఏదో తెలట్లేదు. ఇల్లైనా నా కళ్ళతో సూసి ఎల్దునా అనిపిస్తంది."

మా పక్కింటి పోలిరాజు తన మేడ మీద వల పరుచుకుని చిరుగులు కుడుతున్నాడు. రెండు మేడలకీ మధ్య మోకాలెత్తు గోడ. మా ఇంట్లో మాటలు అతనికి వినబడకుండా ఉండవు, వినబడనట్టు అతనూ నటించడు.

"నీ పడవలో తీసుకెల్లలేవా అన్నా?" అని కేథరిన్ అతన్ని అడిగింది.

"సముద్రం ఎలగుందో సూసినావా సెల్లీ? పైగా ఓడ దగ్గిరికి ఎల్తే కోస్ట్‌గార్డోలు ముందు నన్ను అట్టుకుపోతారు. నెలల పసిగుంటనేసుకుని ఏటి పిచ్చి?"

కేథరిన్ కళ్ళు తుడుచుకుంది. మేడ మీద మెట్లగది గోడ వైపు చూసింది. "అయితే ఇల్లే ఆయనకి కనబడేలాగ సేద్దాం. పెద్ద నక్షత్రం కడదాం. ఇదిగో, వింటన్నావా? సీకటి పడేసరికి ఎలిగిత్తాం. ఎల్లేటప్పుడు ఇటు సూడు."

"లంగరెత్తేటప్పుడు నాను ముందు వైపు పనిలో ఉంటాను. ఫోన్ ఉండదు. అదవ్వగానే సూత్తాను. కొండ మలుపు దాటితే సిగ్నల్ పోద్ది, బేగి ఎలిగించండి," అని అతను పెట్టేశాడు.

ఒక్కసారిగా అందరం లేచాం. బియ్యం చేట ఒకచోట, వెల్లుల్లి ఒకచోట.

మా బావ ఇంట నక్షత్రం ఆయనే కడతాడు. పెళ్ళయిన ఏటినుంచి వెదురు బద్దలు, రంగు కాగితం, తను ఉడికించిన మైదా బంక. కొన్న నక్షత్రం ఆయన గుమ్మం ఎక్కదు. కొన్నది కొట్టువాడి నక్షత్రమట, మనది కాదట. కానీ యారాడ గాలికి మేడ మీద మనిషెత్తు కాగితం నిలవదని ఆయనకీ తెలుసు.

"బావా, పెరట్లో నా బోర్డులున్నాయి," అన్నాను.

వంటపాక పైన కప్పడానికి నేను ఆనందపురంలో పాతసామాన్ల కొట్టు నుంచి తెచ్చినవి అవి. కరెంటు స్తంభాలకి కడతారే, ప్లాట్లు అమ్మబడును అని, ఆ సన్‌ప్యాక్ బోర్డులు. అట్టపెట్టె అట్ట లాగే రెండు పలచటి పొరల మధ్య సన్నటి గొట్టాలుంటాయి. కాకపోతే అది అట్ట కాదు, ప్లాస్టిక్. ఒక చివర పట్టుకుని ఎత్తితే బరువన్నదే తెలియదు. వానలో నెలల తరబడి ఉన్నా నీళ్ళు పీల్చదు.

"ఇది పాలీప్రొపిలీన్ బావా. డబ్బాల అడుగున ముక్కోణంలో అయిదు అంకె ఉంటుందే, అది. బియ్యం బస్తా ఇదే, మనం కూర్చునే కుర్చీ ఇదే, వేడి సాంబారు పోసిచ్చే పార్సిల్ డబ్బా ఇదే. మరిగే నీళ్ళు పోసినా..."

"మొదలెట్టినాడు మీ తమ్ముడు," అన్నాడు బావ మా అక్కతో. "ఏదైతే నాకేటి, నాను కట్టేత్తాను. నువ్వు ఎల్లి లైట్లు తే."

ఆటోనగర్‌లో బస్తాల ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కెమిస్ట్రీ చదివిన చదువంతా ఆ తెల్ల ప్లాస్టిక్ గుళికల్లోనే ఖర్చయింది. మా ఆవిడ మార్తమ్మ ఉన్న రోజుల్లో, విందుకు వెళ్ళినచోట నేను పళ్ళెం తిప్పి అడుగున అంకె చూస్తే మోచేత్తో పొడిచేది. ఇప్పుడు పొడిచేవాళ్ళు లేక ఎక్కువ మాట్లాడేస్తున్నాను కాబోలు. నోరు మూసుకుని స్కూటర్ తీశాను.

ఘాట్ రోడ్డు దిగి సింధియా జంక్షన్‌కి వెళ్ళేసరికి లైట్ల కొట్టు ముందు జనం. అందరికీ నక్షత్రమే కావాలి ఆ పూట. సంగతి చెప్పాను. ఎవరో ఒకావిడ తన చేతిలో పొట్లం కింద పెట్టి, "ముందు ఆయనకి ఇచ్చీయండి బాబూ, ఓడ ఎల్లిపోద్దట" అంది. కొట్టతను తెల్ల ఎల్‌ఈడీ చుట్టలు తీసి, ఒక్కొక్కటీ ప్లగ్గులో పెట్టి వెలిగించి చూపించి మరీ ఇచ్చాడు. కొండ ఎక్కుతూ వెనక్కి చూస్తే ఎండ అప్పుడే పసుపెక్కుతోంది.

నేను వచ్చేసరికి నక్షత్రం తయారైపోయింది! మనిషికన్నా ఎత్తు. అయిదు రెక్కలూ వెదురు చట్రానికి అతికించి, మెట్లగది మీద పొడుగాటి బొంగుకి కట్టి నిలబెట్టేశారు. మా అక్క మురిసిపోతూ చూస్తోంది. బావ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఎలగుంది బావా?" అని నన్నడిగాడు.

"దేంతో అతికించావు?"

"మైదా బంక అట్టుకోనేదు. సెప్పుల సొల్యూషన్ తెప్పించి అతికించీసినాను. డబ్బా మొత్తం!"

అది నిలవదని చెబుదామనుకున్నాను. నోరు తెరిచేలోపే సముద్రం మీంచి ఒక తెర గాలి వచ్చింది. పై రెక్క టప్‌మని ఊడి మేడ మీంచి ఎగిరింది. దాని వెనకే పక్కది. మిగిలినవి ఒక్కొక్కటే అరటి తొక్కల్లా ఒలుచుకుని వచ్చేశాయి. ఒకటి పోలిరాజు వల మీద పడింది. ఒకటి వీధిలో మేక ముందు పడింది. ఖాళీ చట్రం బొంగు మీద ఊగుతూ మిగిలింది.

బావ రెక్క తీసి అంటుకున్నచోట గోరుతో గీశాడు. సొల్యూషన్ పొర మొత్తం మీగడ లేచినట్టు లేచి వచ్చేసింది. కింద ప్లాస్టిక్ అతికించక ముందు ఎలా ఉందో అలాగే నున్నగా ఉంది.

"నా సేతి బంక ఏనాడూ ఊడనేదు," అన్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

"నీ చెయ్యి కాదు బావా, దీని గుణం అది. పాలీప్రొపిలీన్‌కి ఏ బంకా అంటదు. నూనె జిడ్డున్నచోట నీళ్ళు నిలుస్తాయా? అలా అన్నమాట. అందుకే ఈ డబ్బాలకి ఎండిన మెతుకు కూడా ఇట్టే ఊడొస్తుంది. అతికించడానికి పనికిరాదు, అంతే."

"ఆ ముక్క ఎల్లకముందు సెప్పొద్దేటి?"

"చెబుతుంటేనే కదా మొదలెట్టినాడన్నావు!"

మా అక్క ఫక్కున నవ్వింది. కేథరిన్ మాత్రం నవ్వలేదు. పిల్లని భుజం మీద వేసుకుని సముద్రం చూస్తోంది. "మావయ్యా, ఆ ఓడ లైట్లు ఏసీసింది," అంది.

నేను వంటింట్లోకి పరిగెత్తాను. నా వయసులో మెట్లు అలా దిగకూడదు. స్క్రూడ్రైవర్ గ్యాసు మీద కాల్చి తెచ్చి, రెండు ముక్కల అంచులూ కరిగించి కలిపాను. కరిగి కలిశాయి, నిజమే. ఈ ప్లాస్టిక్ ఎన్నిసార్లైనా కరుగుతుంది, కరిగి మళ్ళీ గట్టిపడుతుంది. అందుకే పాత బకెట్లు కొత్త బకెట్లవుతాయి. కానీ పొర పలచన. చెయ్యి ఒక్క క్షణం ఆగితే పెద్ద బొక్క పడుతోంది. ఇలా అయితే ఒక్క రెక్క పూర్తయ్యేలోగా ఓడ కాకినాడ దాటుతుంది.

పోలిరాజు తన వల మీద పడ్డ రెక్క పట్టుకుని గోడ దాటి వచ్చాడు. నేను చేసిన బొక్కలో వేలు దూర్చి చూశాడు. అటూ ఇటూ లాగాడు.

"ఈ బొక్క సిరగట్లేదేటి?"

నేను ఆ ముక్క లాక్కుని చూశాను. "చిరగదు! కాల్చిన బొక్క అంచు కరిగి కట్టు కడుతుంది. కత్తితో పొడిస్తే చీలుతుంది, కాల్చితే చీలదు. పోలిరాజూ, నీ దగ్గర వల దారం..."

"కుట్టీమంటావేటి? అదే అంటన్నాను!"

చట్రం కిందికి దింపి, ఎగిరిపడ్డ రెక్కలన్నీ ఏరి తెచ్చుకున్నాం. ఇక చూడాలి ఆ మేడని. నేను మేకులు కాల్చి అంచుల వెంట బొక్కలు పెడుతున్నాను. మా అక్క పొయ్యి దగ్గరనుంచి ఎర్రగా కాలిన మేకు పట్టకారుతో అందిస్తోంది, చల్లారింది తీసుకుపోతోంది. పోలిరాజు వల సూదిలో దారం నింపి బొక్కల్లోంచి వెదురు బద్ద చుట్టూ తిప్పి ముడివేస్తున్నాడు. వల కన్ను ముడే, ఎంత లాగితే అంత బిగుస్తుంది. బావ కాసేపు అలిగి కూర్చున్నాడు గానీ, అలగడానికి కూడా వ్యవధి లేదు.

"నన్నేటి సెయ్యమంటావు?" అని లేచి వచ్చాడు.

"రెక్కలు నడిమికి మడవాలి బావా. గాలి పక్కలకి జారిపోవాలి. ఒక పొర మాత్రమే కొయ్యి. రెండోది తెగకూడదు."

"ఒక్క పొర మీద ఏటి నిలబడద్ది?"

"నిలబడుతుంది. టమాటా సాస్ సీసా మూత చూడు. మూతా మెడా కలిపి ఒకటే ముక్క, మధ్యలో పలచటి గీత. ఎన్ని వేలసార్లు తెరిచినా ఆ గీత తెగదు. మందుల డబ్బా మూతా అంతే. మడతపడేకొద్దీ బలపడే గుణం దీనిది."

బావ గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చాడు. కోతలో ఆయన చెయ్యి ఎప్పుడూ మంచిదే. పై పొర గీరి, మోకాలికి ఆనించి మడిచాడు. రెక్క నడుమ వెన్నుపూస లేచి, చదునుగా ఉన్న ప్లాట్ల బోర్డు ఒక్కసారిగా నక్షత్రం రెక్కయింది. ఆయన దాన్ని తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. తెగలేదు.

"ఓలమ్మ!" అన్నాడు. అలక పోయింది.

సూర్యుడు కొండ వెనక్కి దిగాడు. సముద్రం మీద ఓడలన్నీ దీపాలతో ఉన్నాయి. వాటిలో ఒకటి నెమ్మదిగా ముఖం తిప్పుతోంది.

"తిరుగుతంది! తిరుగుతంది మావయ్యా!" కేథరిన్ అరిచింది. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది.

మళ్ళీ బొంగు ఎక్కించే సమయం లేదు. సముద్రం వైపున్న మెట్లగది గోడకే నిలబెట్టి, పైన ఇనప చువ్వలకి పోలిరాజు తాళ్ళతో కట్టాడు. ఆఖరి రెక్క ఇంకా కుడుతుండగానే నేను వెనకనుంచి ఎల్‌ఈడీ చుట్టలు చుట్టాను. ఇవి కాగితాన్ని కాల్చేంత వేడెక్కవు, ఈ ప్లాస్టిక్ సంగతి చెప్పనే అక్కర్లేదు. బావ ప్లగ్గు పెట్టాడు.

వెలిగింది!

తెల్లగా, పాల మీద పున్నమి పడ్డట్టు వెలిగింది. ఈ ప్లాస్టిక్ గాజులా పారదర్శకం కాదు, చెక్కలా చీకటీ కాదు. వెలుగుని లోపలికి రానిచ్చి, నలుమూలలా పంచి బయటికి పంపుతుంది. దీపాల చుక్కలు చుక్కలుగా కనపడవు, రెక్క మొత్తం దీపమవుతుంది. అచ్చు ఉన్న వైపు లోపలికి తిప్పాం గానీ, వెలుగుకి అక్షరాలు తిరగబడి బయటికి కనిపించాయి. పై రెక్క మీద 'తూర్పు ముఖం', ఎడమ రెక్క మీద 'స్పాట్ రిజిస్ట్రేషన్', నడిమిన సగం తెగిన ఒక ఫోన్ నంబరు.

వీధిలో అప్పటికే జనం చేరారు. "డేవిడ్ రాజు బాబూ, గజం ఎంతకిత్తారేటి?" అని కిందనుంచి ఎవరో కేక వేశారు.

"నీకు ఇవ్వం, ఎల్లు!" అని బావ పైనుంచి అరిచాడు.

గాలి వచ్చింది. ఇందాకటి గాలే, ఇంకా గట్టిగా. రెక్కలు ఒకసారి గలగలలాడి, మడత దగ్గర కొంచెం వంగి, మళ్ళీ లేచాయి. ఒక్క ముడి కదలలేదు.

ఓడ మాత్రం కదిలింది. దక్షిణానికి తిరిగి, మా ఎదురుగా నెమ్మదిగా జారుతోంది. కేథరిన్ ఫోన్ గుండెకు ఆనించుకుని నిలబడింది. మోగలేదు. ఆమె చేసింది. ఎత్తలేదు. లంగరు దగ్గర పనిలో ఉన్నాడని తెలుసు, అయినా మళ్ళీ చేసింది. పోలిరాజు సూది చేతిలోనే మర్చిపోయాడు. ఓడ కొండ మలుపు వైపు ఎంత మిగిలిందో నేను కళ్ళతో కొలుస్తున్నాను. సముద్రం మీద అది మెల్లగా పోతున్నట్టే ఉంటుంది గానీ, రెప్ప వేసి చూస్తే ముందుకెళ్ళి ఉంటుంది.

ఫోన్ మోగింది.

"ఏదీ? ఎక్కడ?" ఆయాసపడుతున్నాడు నతానియేల్. ఓడ ముందునుంచి వెనక్కి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. "లైట్‌హౌస్ కింద... రోడ్డు లైట్లు... ఏటో తెల్లగా... కేథీ, తెల్లగా ఒకటి కనబడతంది!"

"అదే! అదే మనిల్లు!"

"రెండో ఆఫీసరు దుర్భిణీ ఇచ్చినాడు, ఉండు." గరగర. అతని పక్కన ఎవరో హిందీలో ఏదో అని నవ్వుతున్నారు. "ఓరి దేవుడా. నక్షత్రం! కోణాలు కనబడతన్నాయి. మనిల్లు కనబడతంది మావా!"

బావ రెండు చేతులూ ఎత్తి ఓడ వైపు ఊపాడు.

అప్పుడు నాకు తోచింది. "కేథరిన్, పిల్లని నక్షత్రం ముందు ఎత్తమ్మా. నువ్వు కిందికి ఒంగి, దాన్ని వెలుగుకి ఎదురుగా ఎత్తు. నీడ పడుతుంది."

ఆమె ఫోన్ మా అక్క చేతికిచ్చి, గోడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, దుప్పటి గుడ్డలోంచి పిల్లని తీసి రెండు చేతులతో నెత్తికి పైగా ఎత్తింది. తెల్లటి వెలుగు నడుమ బుజ్జి తల, గుప్పిట్లు, నల్లగా.

"ఏటది? నడుమ నల్లగా సుక్క వచ్చింది..."

"నీ కూతురు!" అని అరిచింది మా అక్క. "నీ కూతుర్రా అల్లుడూ! కేథీ ఎత్తింది!"

అటునుంచి గాలి హోరొక్కటే. తెగిపోయిందనుకున్నాం. తర్వాత అతని గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "దింపి మళ్ళీ ఎత్తమను."

కేథరిన్ దింపింది, ఎత్తింది.

"సుక్క పోయింది... వచ్చింది! అదే, అదే నా గుంట! కేథీ, నాను సూసినాను. నా కళ్ళతో సూసినాను. కాళ్ళాడిత్తంది! కాళ్ళాడిత్తంది కదేటి?"

పిల్ల చలికి ముడుచుకుంటూ నిజంగానే కాళ్ళు ఆడిస్తోంది. కేథరిన్ నవ్వుతూ ఏడుస్తోంది. అవునని తల ఊపుతోంది, అతనికి కనపడదని మర్చిపోయి.

బావ నా చెవి దగ్గరికి వచ్చాడు. "అంత దూరంనుంచి గుంట కాళ్ళు కనబడతాయేటి బావా?"

దుర్భిణీ ఎంత పెద్దది చేస్తుందో, ఓడ ఎంత దూరాన ఉందో లెక్క కట్టడం నాకు వచ్చు. కట్టలేదు.

"ఎందుకు కనబడవు?" అన్నాను.

"అదే నానూ అంటన్నాను," అని ఆయన కూతురి దగ్గరికి వెళ్ళాడు. "సేతులు లాగేత్తన్నాయి నీకు. ఇటియ్యి."

మనవరాలిని అందుకుని, తన పొడుగాటి చేతులతో నక్షత్రం నడిమికంటా ఎత్తాడు. ఫోన్‌లో గరగర తప్ప ఏమీ లేదు. ఓడ దీపాలు కొండ అంచుకి చేరి, ఒక్కొక్కటే దాని వెనక్కి వెళుతున్నాయి. చివరి దీపం ఇంకా ఇటే ఉంది. "దుప్పటి కప్పండి, సలేస్తద్ది దానికి," అని మా అక్క గోల పెడుతోంది. బావ వినలేదు. అలాగే ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.